అతికిన కీలు, నడిచే కాలు

మోకాళ్లు అరిగాయంటే వయసు మీద పడిందని ఎవరికైనా తడుతుంది. చీలమండ అరుగుదల సంగతి వేరు. దాని వెనక చాలాసార్లు ఒక రోజు ఉంటుంది. బండి మీంచి పడిన రోజు, తాటిచెట్టు మీంచి జారిన రోజు, క్వారీలో కాలు మడతపడిన రోజు. ఆ రోజుకూ, మనిషి కుంటడం మొదలైన రోజుకూ మధ్య పదేళ్లు, ఇరవై ఏళ్లు గడుస్తాయి. అందుకే రెండింటికీ సంబంధం ఉందని ఇంట్లోవాళ్లకు గుర్తుండదు.

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇలాంటి రోజులకు కొదవ లేదు. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్లే రోడ్డు ఊరి మీదుగానే పోతుంది. లారీలు, కంకర టిప్పర్లు, ఇంజనీరింగు కాలేజీల పిల్లల మోటారు సైకిళ్లు అన్నీ ఆ దారినే. రోడ్డు దిగితే తాటివనాలు. 2024 జులై 14న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్ల పంపిణీ మొదలుపెట్టింది ఈ నియోజకవర్గంలోనే, అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో. తాతల నాటి మోకు ముస్తాదుకు తోడు నడుముకు బెల్టు, పట్టు తప్పినా మనిషిని ఆపే తాడు ఆ కిట్టులో ఉంటాయి. చెట్టు మీంచి పడి ప్రాణం పోయినవాళ్ల గురించి పేపర్లో వస్తుంది. పడి బతికినవాళ్ల గురించి రాదు. ఎత్తునుంచి కాళ్ల మీద పడినప్పుడు ఒంటి బరువంతా మడమ, చీలమండల మీదే విరుచుకుపడుతుంది. బతికి బయటపడ్డ ఆ మనిషి తర్వాతి ఇరవై ఏళ్లూ ఎలా నడుస్తాడన్నదే ఈ వ్యాసం విషయం.

అమెరికాలోని అయోవాలో ఒక పెద్ద ఆసుపత్రి వైద్యులు, బాగా అరిగిపోయిన 639 చీలమండలను వరసగా పరిశీలించి 2005లో లెక్క ప్రచురించారు. వాటిలో 70 శాతానికి పాత దెబ్బే కారణం. 12 శాతానికి రుమటాయిడ్ కీళ్లవాతం. ఏ కారణమూ లేకుండా వయసుతో అరిగినవి 7 శాతం మాత్రమే. మోకాలు, తుంటి విషయంలో ఈ వరస తలకిందులుగా ఉంటుంది. మన దగ్గర ఈ జాబితాలో మరో పేరు చేర్చుకోవాలి, కీళ్లకు పట్టే క్షయ. నెలల తరబడి వాచిన చీలమండను అరుగుదల అని తీర్మానించేముందు టీబీ కాదని తేల్చుకోవడం ఇక్కడి వైద్యుడికి తప్పని పని.

విచిత్రమేమిటంటే, దెబ్బ తగలనంత కాలం చీలమండ చాలా గట్టి కీలు. మోకాలి కంటే చిన్నది, నడిచే ప్రతి అడుగులో ఒంటి బరువుకు నాలుగైదు రెట్ల భారం మోస్తుంది, అయినా అరగదు. దాని మృదులాస్థి మందం సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లే. మోకాలిలో కొన్నిచోట్ల ఇది ఆరు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఇంత పల్చటి పొర ఇంత బరువును ఓర్చుకోవడానికి కారణం, పై ఎముక టిబియా, కింది ఎముక టేలస్ ఒకదానిలో ఒకటి సరిగ్గా అమరి ఉండటమే. ఆ అమరిక చెడితే లెక్కంతా మారిపోతుంది. టేలస్ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే రెండు ఎముకలూ తాకే మేర 42 శాతం తగ్గిపోతుందని రామ్సే, హామిల్టన్ అనే వైద్యులు 1976లో చూపించారు. బరువు అంతే, దాన్ని మోసే చోటు మాత్రం సగానికి దగ్గరగా పడిపోయింది. అరుగుదలకు ఇంతకంటే ఏం కావాలి?

ఆ ఒక్క మిల్లీమీటరు దగ్గరే మన ఊళ్ల కథ నడుస్తుంది. కాలు విరిగితే ఇప్పటికీ చాలామంది మొదట వెళ్లేది కట్టు కట్టేవాళ్ల దగ్గరికే. చిత్తూరు వైపు పుట్టిన పుత్తూరు కట్టు పేరు ఇవాళ హైదరాబాదు శివార్లలోనూ బోర్డుల మీద కనిపిస్తుంది. ఆ కట్లన్నీ పనికిరానివని నేననను. చేతి ఎముకో, పిక్క ఎముకో కదలకుండా విరిగితే ఏ కట్టుకైనా అతుక్కుంటుంది. చీలమండ అలాంటిది కాదు. అది కీలులోకి చీలిన విరుపు. ఎముక అతికిందా అన్నది ఒక ప్రశ్న, అసలు చోట అతికిందా అన్నది మరో ప్రశ్న. రెండో ప్రశ్నకు చేతి తడిమింపుతో జవాబు దొరకదు, ఎక్స్‌రే కావాలి. వాపు తగ్గింది, నడుస్తున్నాడు, నయమైపోయింది అనుకున్న కాలే పదిహేనేళ్ల తర్వాత పొద్దున లేచి మొదటి అడుగు వేయనివ్వదు.

ఈ నొప్పిని తక్కువ చేసి చూడటం వైద్యుల్లోనూ ఉంది. తుంటి అరుగుదలకు ఉన్న గౌరవం చీలమండకు లేదు. కెనడా వైద్యులు 2008లో రెండు జబ్బుల చివరి దశలో ఉన్నవాళ్లను పక్కపక్కన పెట్టి పోల్చారు. బాధలోనూ, పనులకు కలిగే ఆటంకంలోనూ, మనసు మీద పడే భారంలోనూ చీలమండ రోగులు తుంటి రోగులకు ఏమాత్రం తీసిపోలేదు. పైగా దెబ్బ వల్ల వచ్చే జబ్బు కాబట్టి ఇది చిన్న వయసులోనే వస్తుంది. ఇంకా పాతికేళ్లు కష్టం చేసుకుని బతకాల్సిన మనిషికి వస్తుంది.

ఆపరేషన్ దాకా వెళ్లేముందు చేయదగ్గవి ఉన్నాయి. బరువు తగ్గడం, గట్టి బూటు, అడుగు భాగం పడవలా వంపు తిరిగిన సోలు, చీలమండను కదలకుండా పట్టి ఉంచే బ్రేసు, అవసరమైనప్పుడు నొప్పి మాత్ర. వీటితో ఏళ్లు నెట్టుకొచ్చేవాళ్లున్నారు. నొప్పి మాత్రలు మాత్రం మందుల షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగేవి కావు, కిడ్నీలకు ముప్పు. స్టిరాయిడ్ ఇంజెక్షన్ కొద్దికాలం ఉపశమనం ఇస్తుంది. రోగి రక్తంలోంచే ప్లేట్‌లెట్లు వేరుచేసి కీలులోకి ఎక్కించే పీఆర్‌పీ ఇంజెక్షన్ గురించి ఇప్పుడు నగరంలో ఎక్కడ చూసినా ప్రచారమే. దీన్ని నెదర్లాండ్స్‌లో 100 మంది చీలమండ రోగుల మీద పరీక్షించారు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉప్పునీళ్లు ఇచ్చారు, ఎవరికి ఏది అందిందో చెప్పలేదు. 26 వారాల తర్వాత చూస్తే రెండు గుంపుల మధ్య తేడా లేదు. 2021లో వచ్చిన ఈ ఫలితాన్ని ఆ ఇంజెక్షన్‌కు డబ్బు కట్టబోయే ప్రతి రోగికీ చెప్పాలి.

వీటితో పని జరగనప్పుడు వచ్చే మాట ఫ్యూజన్. అంటే అరిగిన కీలును కీలుగా ఉంచడం మానేసి, పై ఎముకనూ కింది ఎముకనూ ఒకే ఎముకగా అతికించేయడం. నొప్పి పుట్టేది రెండు ఎముకల రాపిడి వల్ల. రాపిడికి చోటే లేకుండా చేస్తే నొప్పి పోతుంది, దాంతోపాటు కదలికా పోతుంది. ఈ బేరం పాతదే. ఆస్ట్రియా వైద్యుడు ఎడ్వర్డ్ ఆల్బర్ట్ 1870వ దశకం చివర్లో, పక్షవాతంతో వేలాడిపోయిన పాదాలను నిలబెట్టడానికి ఈ పని చేశాడు. 1951లో ఇంగ్లండు వైద్యుడు జాన్ చార్న్‌లీ, రెండు ఎముకలను గట్టిగా ఒత్తిపెట్టి బిగిస్తే త్వరగా అతుకుతాయని చూపించాడు. తుంటి కీలు మార్పిడితో లోకప్రసిద్ధుడైంది కూడా ఈయనే. ఒత్తిడి అనే ఆ సూత్రం ఇవాళ్టికీ మారలేదు, బయట బిగించే చట్రాలు పోయి లోపల బిగించే స్క్రూలు వచ్చాయంతే.

చిన్న రంధ్రం గుండా, అంటే కీహోల్ పద్ధతిలో, ఈ పని చేయవచ్చన్న ఆలోచన ఆలస్యంగా వచ్చింది. టోక్యోలో కెంజి తకాగి 1918లోనే మోకాలి లోపలికి గొట్టంతో తొంగిచూశాడు. చీలమండ మాత్రం గొట్టం దూరడానికి వీల్లేనంత ఇరుకని 1931లో న్యూయార్క్ వైద్యుడు మైకేల్ బర్మన్ తేల్చేశాడు. నలభై ఏళ్లు ఆ మాటే నిలిచింది. సన్నటి గొట్టాలు చేతికొచ్చాక తకాగి శిష్యుడు మసాకి వతనబే 1972లో చీలమండ లోపలి దృశ్యాలను ప్రచురించాడు. ఆ దారిలోంచే ఫ్యూజన్ చేయవచ్చన్న నివేదికలు 1980వ దశకంలో మొదలయ్యాయి.

పని జరిగే తీరు ఇది. చీలమండ ముందువైపు లోపలి పక్కన ఒకటి, బయటి పక్కన ఒకటి, సెంటీమీటరుకు మించని రెండు గాట్లు పెడతారు. ఒకదాంట్లోంచి నాలుగు మిల్లీమీటర్ల కెమెరా గొట్టం, మరోదాంట్లోంచి పనిముట్లు లోపలికి వెళ్తాయి. పాదాన్ని కిందికి లాగి పట్టి, సెలైన్ నీళ్లతో కీలును ఉబ్బించి, మిగిలిన మృదులాస్థిని గీకి తీసేస్తారు. దాని కింద పాలిపోయి గట్టిపడిన ఎముక పొరను రక్తం చిమ్మే దాకా బర్రు అనే తిరిగే పనిముట్టుతో తొలుస్తారు. రక్తం కనిపించాలి, లేకపోతే ఎముక అతకదు. ఆపరేషన్ మొత్తంలో ఓపిక పట్టాల్సిన ఘట్టం ఇదే, ముఖ్యంగా కీలు వెనక మూలల్లో. టేలస్ గోపురపు వంపును చెడగొట్టకుండా గీకితే రెండు ఎముకలూ మునుపటిలా ఒకదానిలో ఒకటి ఒదుగుతాయి. తర్వాత పాదాన్ని సరైన కోణంలో పెట్టి, సి-ఆర్మ్ ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ, చర్మం మీద మరో చిన్న గాటు లోంచి రెండు మూడు లావుపాటి స్క్రూలు బిగిస్తారు. బయటి గాటు దగ్గర ఒక గండం ఉంది. పాదం పైభాగానికి స్పర్శనిచ్చే నరం అక్కడ చర్మం కిందనే పోతుంది, అది దెబ్బతింటే వేళ్ల దాకా మొద్దుబారుతుంది.

కెమెరా లేకుండానే ఇదే పని చేసే దారి కూడా ఉంది. ఒకటిన్నర సెంటీమీటర్ల కోతలు రెండు పెట్టి నేరుగా చూస్తూ మృదులాస్థిని తీసే పద్ధతిని అమెరికాలో మయర్సన్ బృందం 1990వ దశకంలో ప్రచారంలోకి తెచ్చింది. చుట్టూ ఉన్న కండను, రక్తనాళాలను ఎముక మీంచి ఒలవకపోవడమే రెండు పద్ధతుల్లోనూ అసలు లాభం. ఎముక అతకాలంటే రక్తం అందాలి, రక్తం వచ్చేది ఆ కండల్లోంచే. ఖరీదైన ఆర్థ్రోస్కోపీ (కెమెరా గొట్టం) సామగ్రి ప్రతి ఊరికీ చేరని మన చోట ఈ రెండో పద్ధతి గురించి ఇంకా ఎక్కువ మాట్లాడుకోవాలని నా అభిప్రాయం.

పాత పద్ధతిలో చీలమండ మీద పొడుగాటి కోత పెట్టి, తరచు బయటివైపు ఫిబులా ఎముక చివరను కోసి తీసి, కీలును విప్పి పని చేస్తారు. కీహోల్, కోత, ఈ రెండింటిలో ఏది మేలు? 1991లో మయర్సన్, క్విల్ ప్రచురించిన తొలి పోలికలో కీహోల్ పద్ధతి చీలమండలు సగటున 8.7 వారాల్లో, కోసి చేసినవి 14.5 వారాల్లో అతికాయి. 2005లో ఇంగ్లండు నుంచి విన్సన్ బృందం 118 కీహోల్ ఫ్యూజన్ల ఫలితాలు వెల్లడించింది. సగటున 12 వారాల్లో అతికాయి, 9 చీలమండలు అతకలేదు. 2013లో వచ్చిన టౌన్‌షెండ్ బృందం అధ్యయనం మరింత పద్ధతైనది. ఒక్కో గుంపులో 30 మంది చొప్పున, రెండేళ్ల పాటు గమనించారు. కీహోల్ వాళ్లు ఆసుపత్రిలో ఒక రోజు తక్కువ ఉన్నారు, ఏడాదికీ రెండేళ్లకూ వాళ్ల నొప్పి, నడక మార్కులే మెరుగ్గా ఉన్నాయి.

ఈ అంకెలను యథాతథంగా నమ్మేముందు ఒక విషయం చూడాలి. చీటీ తీసి ఎవరికి ఏ ఆపరేషనో నిర్ణయించిన అధ్యయనాలు కావివి. మయర్సన్, క్విల్ పోలికలో బాగా వంకర తిరిగిన చీలమండలు కోత గుంపులోకే వెళ్లాయి. తేలికైన కాళ్లను కీహోల్‌కు, మొండి కాళ్లను కోతకు పంపి ఆ తర్వాత రెండింటినీ పోలిస్తే కీహోల్ గెలవడంలో ఆశ్చర్యం లేదు. కాబట్టి నేను తీసుకునే సారం ఇంతే: తగిన చీలమండలో, చేయి తిరిగిన వైద్యుడి చేతిలో కీహోల్ ఫ్యూజన్ కోసి చేసినంత గట్టిగా అతుకుతుంది, గాయం బాధ తక్కువ, మొదటి వారాలు సులువు. రెండేళ్లు గడిచాక రోగి నడకను నిర్ణయించేది గాటు పొడవు కాదు. ఎముక అతికిందా, ఏ కోణంలో అతికింది అన్న రెండే విషయాలు.

తగిన చీలమండ అంటే ఏది? ఒకప్పుడు పది పదిహేను డిగ్రీలకు మించి వంకర ఉంటే కీహోల్ కుదరదనేవారు. అనుభవజ్ఞులు ఇప్పుడు ఆ గీతను కొంత ముందుకు జరిపారు. అయినా ఎముక బాగా తరిగిపోయినప్పుడు, టేలస్‌కు రక్తం అందక చచ్చుబడినప్పుడు, పాత ప్లేట్లు తీయాల్సి వచ్చినప్పుడు కోసి చేయడమే దారి. మన దగ్గర రోగులు వైద్యుడి దగ్గరికి వచ్చేసరికే చాలా ఆలస్యమవుతుంది కాబట్టి, ఇలాంటి కాళ్లే ఎక్కువ తగులుతాయి. ‘కీహోల్ చేయరా?’ అని పట్టుబట్టే రోగికి ‘నీ కాలికి అది సరిపోదు’ అని చెప్పే వైద్యుడి మీద అనుమానపడనక్కర్లేదు.

గాటు ఎంత చిన్నదైనా అతకని కాళ్లు కొన్ని ఉంటాయి. కారణాల్లో మొదటిది పొగ. 1994లో వచ్చిన ఒక అధ్యయనంలో, పొగతాగేవాళ్లలో చీలమండ ఫ్యూజన్ విఫలమయ్యే ముప్పు తాగనివాళ్లతో పోలిస్తే 3.75 రెట్లు ఉంది. బీడీ అయినా సిగరెట్ అయినా ఎముకకు తేడా లేదు. ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాలు, తర్వాత ఎముక అతికే దాకా పూర్తిగా మానాలి. రోజుకు రెండే తాగుతున్నాను అంటే కుదరదు. రెండోది షుగరు. అదుపులో లేని షుగరుతో గాయం మానదు, ఎముక అతకదు. పాదాల్లో స్పర్శ పోయినవాళ్లకైతే స్క్రూలు విరిగినా తెలియదు. బీడీ మానేదాకా, షుగరు దిగేదాకా ఆపరేషన్‌ను రెండు నెలలు వాయిదా వేసే వైద్యుడు రోగికి మేలే చేస్తున్నాడు.

చిన్న గాటు అనే మాట గురించి ఇబ్రహీంపట్నంలో రాస్తూ ఒక సంగతి దాటేసి పోవడం న్యాయం కాదు. 2022 ఆగస్టు 25న ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజు 34 మంది మహిళలకు లాప్రోస్కోపీ పద్ధతిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. రోజుల వ్యవధిలో నలుగురు చనిపోయారు. మిగతావాళ్లను నగరంలోని పెద్ద ఆసుపత్రులకు తరలించి కాపాడాల్సి వచ్చింది. మరణాలకు ఇన్ఫెక్షన్ కారణమని తేలింది. అది పొట్ట ఆపరేషన్, ఇది కాలు ఆపరేషన్, రెండింటికీ పోలిక లేదు. అయినా పాఠం ఒకటే. బొడ్డు దగ్గర పెట్టిన గాటు వేలి గోరంత. ప్రాణం తీసింది దాని పరిమాణం కాదు. గొట్టాలు, కెమెరాలు, సన్నటి పనిముట్లు శుభ్రం చేయడం మామూలు కత్తెరలంత తేలిక కాదు. ఒక రోగికీ మరో రోగికీ మధ్య వాటిని పూర్తిగా స్టెరిలైజ్ చేయడానికి సమయం పడుతుంది, ఆ సమయాన్ని ఎవరూ కుదించకూడదు. చీలమండ కీలులో ఇన్ఫెక్షన్ చేరితే ఎముక అతకదు సరికదా, కాలే పోయే ప్రమాదం ఉంది. ఎక్కడ ఆపరేషన్ చేయించుకున్నా, ఆ థియేటర్లో పనిముట్ల శుభ్రత ఎలా చూస్తారని అడిగే హక్కు ఇక్కడి ప్రజలకు అందరికంటే ఎక్కువ ఉంది.

మోకాలికి మార్చినట్టు చీలమండకూ కొత్త కీలు పెట్టవచ్చు కదా అన్నది రోగులు తప్పక అడిగే ప్రశ్న. పెట్టవచ్చు. కదలిక కొంత మిగులుతుంది. ఈ రెండు దారుల మధ్య జరిగిన అతి ముఖ్యమైన పరీక్ష బ్రిటన్‌లోని టార్వా. 17 ఆసుపత్రుల్లో, 50 నుంచి 85 ఏళ్ల వయసున్న 303 మందిని చీటీ తీసినట్టు రెండు గుంపులు చేశారు. 2022లో వెలువడిన ఏడాది ఫలితాల్లో రెండు గుంపుల వాళ్లూ బాగుపడ్డారు. నడక, నిలబడటం విషయంలో రెండింటి మధ్య లెక్కించదగ్గ తేడా రాలేదు. ఇబ్బందులు మాత్రం వేరువేరుగా ఉన్నాయి. గాయం మానకపోవడం, నరం దెబ్బతినడం కీలు మార్చినవాళ్లలో ఎక్కువ. ఫ్యూజన్ గుంపులో సుమారు 12 శాతం మందికి ఎముక పూర్తిగా అతకలేదు, అయితే దానివల్ల బాధపడింది మొత్తం గుంపులో 7 శాతమే. ఒక రకం కీలుకు కొంత మేలు కనబడింది కానీ, అది పరీక్ష ముగిశాక తవ్వి తీసిన లెక్క.

ఆ వయసు గమనించండి. టార్వాలో చేరినవాళ్లు యాభై దాటినవాళ్లు. తాటిచెట్టు మీంచి పడి నలభైలోనే కీలు పోగొట్టుకున్న మనిషి ఆ లెక్కలో లేడు. బరువులు ఎత్తి, గుంతల్లో నడిచి, మరో పాతికేళ్లు బతకాల్సినవాడి కాలిలో లోహపు కీలు అరిగిపోతుంది, వదులవుతుంది. అప్పుడు మళ్లీ ఆపరేషన్. ఒకసారి గట్టిగా అతికిన ఎముకకు ఆ భయం లేదు. కాయకష్టం చేసే నడివయసు మనిషికి ఫ్యూజన్ ఇప్పటికీ నిలబడే సమాధానం అని నేననుకోవడానికి కారణం అదే.

ఇక అసలు ప్రశ్న. అతికాక బతుకు ఎలా ఉంటుంది? పాశ్చాత్య అధ్యయనాలు ఇక్కడ మనకు సగం దూరమే తోడొస్తాయి. టార్వాలో వాడిన కొలబద్దలో 16 ప్రశ్నలున్నాయి. నొప్పి ఎంత, ఎంత దూరం నడవగలరు, నలుగురిలో తిరగడానికి ఇబ్బందా అని అడుగుతాయి. గొంతుకూచోగలరా అని అడగవు. ఉత్తకాళ్లతో గట్టు మీద నడవగలరా, నాటు మడిలో దిగగలరా, నమాజులో పాదాన్ని వెనక్కి మడిచి కూర్చోగలరా అని అడగవు. మన దగ్గర మనిషి తన కాలు బాగుందో లేదో తేల్చుకునేది వీటితోనే.

చదును నేల మీద చెప్పులేసుకుని నడిచేటప్పుడు, సరిగా అతికిన చీలమండ ఉన్న మనిషిని గుర్తుపట్టడం కష్టం. చీలమండ కింద, ముందు ఉన్న చిన్న కీళ్లు కొంత వంగి లోటు పూడుస్తాయి. బాసింపట్టు వేసుకుని కూర్చోవడానికి పెద్ద అడ్డు ఉండదు, ఆ భంగిమలో పని చేసేవి తుంటి, మోకాలు. గొంతుకూచోవడం మాత్రం కుదరదు. మడమ నేలకానించి కూర్చోవాలంటే పాదం పైకి వంగాలి, ఇక వంగదు. అంటే ఇంట్లో నేల మరుగుదొడ్డి ఉంటే, ఆపరేషన్‌కు ముందే పైన కుర్చీ పెట్టుకోవడమో, కమోడ్ కట్టించుకోవడమో చేయాలి. ఈ మాట ఓపీలో చెప్పని వైద్యుడు సగం వైద్యమే చేసినట్టు. నమాజులో వజ్రాసనంలా కూర్చునే చోట పాదం చాచుకోదు కాబట్టి కుర్చీ నమాజుకు మారాల్సి రావచ్చు. ఎడమ కాలైతే మోటారు సైకిల్ గేరు మార్చడం, కుడి కాలైతే బ్రేకు తొక్కడం పిక్కతో, మోకాలితో కొత్తగా నేర్చుకోవాలి. చాలామంది గేర్లు లేని స్కూటీకి మారిపోతారు.

గీత కార్మికుడికి చెప్పాల్సింది ఇంకా కఠినం. చెట్టెక్కేటప్పుడు పాదం మాను మీద వంకరగా అదిమి, చీలమండ దగ్గర మడతపడి పట్టు తెస్తుంది. అతికిన కాలికి ఆ పట్టు ఉండదు. ఫ్యూజన్ తర్వాత చెట్టెక్కడం ఇక లేదనే అర్థం. నొప్పితో ఎలాగోలా ఎక్కుతున్నవాడి దగ్గర నొప్పితో పాటు వృత్తినీ తీసుకుంటున్నాం. ఆ సంగతి సంతకానికి ముందు, అతని భాషలో, ఇంట్లోవాళ్ల ముందు చెప్పాలి. ఇంకో రెండేళ్లు బ్రేసుతో, మాత్రలతో నెట్టుకొస్తానంటే అదీ అతని ఇష్టమే. ఈ ఆపరేషన్‌లో తొందరేమీ లేదు. క్యాన్సర్ కాదు, గుండె కాదు. ఎప్పుడు చేయించుకోవాలో తేల్చుకోవలసింది నొప్పి పడే మనిషే.

కోణం గురించి ఒక మాట. పాదాన్ని పిక్కకు తొంభై డిగ్రీల్లో, మడమ కాస్త బయటికి, వేళ్లు అయిదు పది డిగ్రీలు బయటికి చూసేలా అతికిస్తారు. వేళ్లు కిందికి దిగి అతికితే నడిచే ప్రతిసారీ మోకాలు వెనక్కి వంగి కొన్నేళ్లకు అదీ పాడవుతుంది. పాదం లోపలికి తిరిగి అతికితే బరువంతా బయటి అంచు మీద పడి అక్కడ కాయలు కాస్తాయి. ఎక్కువగా ఉత్తకాళ్లతో తిరిగే మన మనుషులకు ఈ పొరపాటును కప్పిపుచ్చే బూటు మడమ కూడా ఉండదు.

దీర్ఘకాలంలో ఇంకో లెక్క ఉంది. 2001లో అయోవా వైద్యులే, ఫ్యూజన్ జరిగి సగటున 22 ఏళ్లు గడిచిన 23 మందిని మళ్లీ పిలిచి చూశారు. మోకాలు బాగానే ఉంది. పాదంలోని పక్క కీళ్లు మాత్రం చాలామందిలో అరిగాయి, రెండో కాలు కంటే ఎక్కువగా. ఆగిన కీలు పని పక్క కీళ్ల మీద పడింది. ఇరవై ఏళ్ల నొప్పిలేని నడకకు ఇది చెల్లించే ధర. నా లెక్కలో చెల్లించదగ్గదే, అయితే ముప్పై ఏళ్ల కుర్రాడికి దాన్ని దాచి చెప్పకూడదు.

ఇబ్రహీంపట్నం మనిషికి ఈ ఆపరేషన్ హైదరాబాదులోనే. 1960వ దశకంలో పంజాగుట్టలో ఎముకల ఆసుపత్రిగా మొదలైన నిమ్స్, ఉస్మానియా, గాంధీ, ఇంకా ప్రైవేటు ఆసుపత్రులు ఉన్నాయి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 9 నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది. తన కాలికి చేయబోయే పని ఏ ప్యాకేజీ కింద వస్తుందో, స్క్రూల ఖర్చు అందులోనే ఉందో లేదో చేరకముందే ఆరోగ్యమిత్రతో తేల్చుకోవాలి.

ఆపరేషన్ ఒక పూట పని. ఆ తర్వాత సుమారు ఆరు వారాలు ఆ కాలు నేల మీద మోపకూడదు. మోకాలి కింద పిండికట్టు, చంకకర్రలు. ఆపైన మరికొన్ని వారాలు బూటులాంటి పట్టీతో కొంచెం కొంచెంగా బరువు. మొత్తం మూడు నెలల పైమాటే. కదలకుండా ఉన్న కాలిలో రక్తం గడ్డకట్టే ముప్పుంది. పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఈ మూడు నెలలూ గడిచేది హైదరాబాదులో కాదు, యాచారం ఊళ్లోనో మంచాల ఊళ్లోనో ఇంట్లో. కూలి పోతుంది. బర్రెలను చూసేవాళ్లు కావాలి. బస్సెక్కి నగరానికి పోయి కట్టు చూపించుకోవడానికి తోడు ఒకరు, వాళ్ల కూలీ పోతుంది. ప్యాకేజీలో లేని ఖర్చంతా ఇక్కడే ఉంది. చాలామంది నాలుగో వారానికే కాలు మోపడానికి కారణమూ ఇదే.

కాబట్టి ఇబ్రహీంపట్నం ఆసుపత్రి నుంచి నేను ఆశించేది కీహోల్ ఫ్యూజన్ కాదు. నిలబెట్టి తీసే చీలమండ ఎక్స్‌రే కావాలి. పడుకోబెట్టి తీసిన దాంట్లో కీలు సందు ఉన్నట్టే కనిపిస్తుంది, బరువు మోపితేనే అరుగుదల బయటపడుతుంది. ఆపరేషన్ అయి వచ్చినవాళ్ల కట్టు చూసి, గాయం చూసి, నగరానికి పోనక్కర్లేకుండా పంపగలిగే ఒక ఎముకల వైద్యుడు, ఒక ఫిజియోథెరపిస్టు కావాలి. అన్నిటికంటే ముందు, చీలమండ విరిగి వచ్చిన మనిషికి మొదటి వారంలోనే ఎక్స్‌రే తీసి, టేలస్ ఒక్క మిల్లీమీటరు జరిగిందా లేదా అని చూసి, జరిగితే అప్పుడే నగరానికి పంపే పద్ధతి కావాలి. చెట్టెక్కేవాడికి రక్షణ కిట్టు ఇచ్చిన ప్రభుత్వానికి ఇది అందని ఖర్చేమీ కాదు.